పడవమ్మ పుట్టిల్లు

లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యానంటే చాలామంది నన్ను జాలిగా చూస్తారు. జీవితమంతా పుస్తకాల వెనక తేదీ ముద్రలు కొట్టుకుంటూ, గట్టిగా మాట్లాడేవాళ్ళను 'ష్' అంటూ గడిపేశాననుకుంటారు. ఆ రెండు పనులూ చేశాను, కాదనను. కానీ ఉత్తర టెక్సాస్‌లో ఒక నది ఒడ్డున కంచు ఫలకం ఒకటి ఉంది. దానిమీద ఒక ఆడమనిషి పేరు ఆమె పుట్టింటి పేరుతో సహా చెక్కి ఉంది. ఆ పుట్టింటి పేరు కనిపెట్టినదాన్ని నేను. గొప్పలు చెప్పుకుంటోందేమిటీవిడ అంటారేమో. చెప్పుకోవడానికే కూర్చున్నాను, తీరిగ్గా వినండి.

ముఖ్యంగా నన్ను 'ఆంటీ' అని పిలిచే మా స్నేహితుల పిల్లలు వినాలి. మీరిప్పుడు ఫోన్‌లో నాలుగు అక్షరాలు కొట్టి ఏడు తరాలు బయటికి లాగుతున్నారు. "ఆంటీ, ఇంటర్నెట్ లేకుండా మీరు అసలు ఏం సెర్చ్ చేసేవారు?" అని ఆ మధ్య ఒకమ్మాయి నన్ను నిజంగానే అడిగింది. మనుషుల్నే తల్లీ, అన్నాను.

ఇందులో ఎవరి పేర్లూ రాయను. పేర్లు వెతకడమే వృత్తిగా బతికినదాన్ని పేర్లు దాచడం వింతే. కానీ వాళ్ళ పిల్లలూ మనవలూ ఇంకా అక్కడే ఉన్నారు, ఎదురుపడితే పలకరిస్తారు కూడా.

డెబ్బయ్యో దశకం చివర్లో మావారు ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఉద్యోగానికి ప్లేనోకి వచ్చారు. అప్పటి ప్లేనో ఇప్పటిది కాదు, సగం ఇళ్ళు, సగం పొలాలు. నా దగ్గర గుంటూరులో చదివిన హిస్టరీ ఎమ్మే తప్ప ఇంకేమీ లేదు. అమెరికాలో హిస్టరీ ఎమ్మేకి ఉద్యోగమెవరిస్తారులే అనుకుంటుండగా, కౌంటీ లైబ్రరీలో స్థానిక చరిత్ర గదికి సహాయకురాలు కావాలని తెలిసింది. ఆ గది భవనానికి అడుగున ఉండేది. ఊళ్ళో వాళ్ళు తమ వంశాల గురించి తెలుసుకోవడానికి అక్కడికి వచ్చేవారు. పరాయి దేశం నుంచి నిన్నగాక మొన్న దిగినదాన్ని, వాళ్ళ ముత్తాతలెవరో వాళ్ళకి చెప్పడానికి కుదిరాను.

మా గది పెద్దావిడ, అంటే మా బాస్, నిలువెత్తు మనిషి. ఆ గదిలో సిరా కలం కనబడితే చాలు, పాము కనబడినట్టు కేకపెట్టేది. అంతా పెన్సిలే. వాడిన పెన్సిల్ జుట్టుముడిలో గుచ్చుకుని మరిచిపోయి ఇంకోటి తీసేది. సాయంత్రం అయ్యేసరికి ఆవిడ కొప్పు ముళ్ళపంది వీపులా తయారయ్యేది. కోపం ఎక్కువ, న్యాయం అంతకన్నా ఎక్కువ.

ఇంకొకాయన రిటైరైన ల్యాండ్ సర్వేయర్. జీతం లేకుండా వచ్చి సాయం చేసేవాడు. పంటి కింద పుల్ల లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు. "హనీ, కాగితం అబద్ధమాడుతుంది, నేల ఆడదు" అని రోజుకోసారైనా చెప్పేవాడు. ఆ నేల కూడా ఆడుతుందని ఆయనకీ నాకూ కలిసే తెలిసింది, అది తరవాత చెప్తాను.

ఒకరోజు ఎనభై దాటిన ఒక ముసలావిడ పడవంత కారు నడుపుకుంటూ వచ్చింది. స్టీరింగ్ వెనక ఆవిడ తల సగమే కనబడేది. చేతిలో పీకాన్ పై, అంటే పీకాన్ గింజలు పరిచి కాల్చిన తీపి వంటకం. గదిలోకి తిండి తేకూడదని మా బాస్ అడ్డం పడితే, అందరం వరండాలో నిలబడి దాన్ని తింటూ ఆవిడ కథ విన్నాం.

ఆవిడ ముత్తవ్వ ఆ ప్రాంతానికి తొలినాళ్ళలో వచ్చినవాళ్ళలో ఒకరు. ఎద్దుల బండిలో, కొత్తగా పెళ్ళయిన మొగుడితో వచ్చింది. రోడ్లూ వంతెనలూ లేని కాలం. మొగుడు నదిమీద తాడు కట్టి, బల్లకట్టు వేసి, రేవు మొదలుపెట్టాడు. కొన్నేళ్ళకే జ్వరమొచ్చి పోయాడు. చంకలో బిడ్డతో ఆ తాడు ఆవిడే పట్టుకుంది. పశువుల మందలు, పెళ్ళివారు, పాదిరీలు, దొంగలు, అందరినీ ఆవిడే దాటించింది. ఈ కథ ఇంట్లో చెప్పినప్పటి నుంచీ మావారూ నేనూ ఆవిడను పడవమ్మ అని పిలుచుకునేవాళ్ళం. ఇక్కడా అలాగే పిలుస్తాను.

ఇప్పుడు ఆ రేవు దగ్గర కౌంటీ వాళ్ళు కంచు ఫలకం పెట్టబోతున్నారు. దానిమీద రాయబోయేది చూసి ముసలావిడకు ఒళ్ళు మండింది.

"ఫలానా వారి భార్య, అని రాశారు" అంది. "ఆయన ఆ పడవను కొన్నేళ్ళు నడిపాడేమో. ఈవిడ తల నెరిసేదాకా నడిపింది. కంచులో మాత్రం ఆయన భార్య! ఆవిడకు సొంత పేరు లేదా? ఆవిడను కన్నవాళ్ళు లేరా?"

"పుట్టింటి పేరు మీకు తెలుసా?" అడిగింది మా బాస్.

"తెలిస్తే పై పట్టుకుని మీ దగ్గరికెందుకొస్తాను?"

ఫలకం కమిటీ అధ్యక్షుడు పెద్ద టోపీ పెట్టుకునే పెద్దమనిషి. ఆయన మాట కూడా ఖరాఖండీ. "రుజువు తెండి, రాస్తాను. వసంతం చివర మాటలన్నీ పోతపోసేవాళ్ళకు పంపేస్తాం. కంచు పోశాక దేవుడే దిగొచ్చినా అక్షరం మారదు."

అదీ మా ముందున్న పని. వసంతం వెళ్ళేలోగా పడవమ్మ పుట్టిల్లు దొరకాలి. లేకపోతే ఆవిడ కలకాలం ఎవరో ఒకరి భార్యగానే ఆ ఒడ్డున నిలబడిపోతుంది. ముసలావిడకు ఇంకో ఫలకం చూసేంత ఆయుష్షు లేదని ఆవిడే నవ్వుతూ చెప్పింది. మా ముగ్గురిలో ఎవరికీ నవ్వు రాలేదు.

వెతుకులాట గురించి పొడుగ్గా చెప్పి మీ ప్రాణం తీయను. మా కౌంటీ కోర్టు ఒకప్పుడు తగలబడింది. పెళ్ళి కాగితాలు, దస్తావేజులు అన్నీ బూడిదయ్యాయి. మిగిలినవి మూడు. పద్దెనిమిది వందల యాభైలో తీసిన జనాభా లెక్కలు, మైక్రోఫిల్మ్ మీద. మొదట ఎవరికి ఏ నేల ఇచ్చారో చూపించే పాత పటాలు. ఏటి పక్కన చిన్న స్మశానంలో కొన్ని రాళ్ళు.

ఆ జనాభా లెక్కల్లో ఒక చిక్కుంది. ఇంట్లో ఎవరెవరున్నారో, వయసెంతో, ఏ రాష్ట్రంలో పుట్టారో రాస్తారు కానీ, ఎవరికి ఎవరేమవుతారో రాయరు. పడవమ్మ ఇంట్లో మొగుడు, పడవమ్మ, ఒక పసిబిడ్డ, వాళ్ళతో పాటు ఒక పెద్దావిడ ఉన్నారు. ఇంటిపేరు మొదటి గీతలో రాసి, కింద అందరికీ 'అదే' అని గుర్తులు పెట్టేశాడు ఆ లెక్కలాయన. గుర్రం దిగీ దిగకుండా రాసుకుపోయినట్టున్నాడు. స్మశానంలో ఆ పెద్దావిడ రాయి కూడా ఉంది. దానిమీద ఇంటిపేరు లేకుండా ఆవిడ పేరు, కింద ఒకే మాట: 'అమ్మ'. ఎవరి అమ్మో రాయలేదు. చెక్కించినవాడికి ఆ అవసరం కనబడి ఉండదు.

ఆ పెద్దావిడ పేరు పక్కన మా బాస్ పెన్సిల్‌తో 'మొగుడి తల్లి?' అని రాసి పెట్టుకుంది. నేను చేసిన ఘనకార్యమల్లా రబ్బరు తీసుకుని ఆ ప్రశ్నార్థకాన్ని చెరిపేయడం.

"అంత నమ్మకమేమిటి?" అంది మా బాస్.

"పెద్దావిడ కొడుకింట్లో ఉండక ఇంకెక్కడుంటుంది మేడమ్? కూతురింట్లో ఉంటుందా?" అన్నాను. నాకది సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత మామూలు సంగతి. నా మొహంలో ధీమా చూసి ఆవిడా ఊరుకుంది.

అంతే. ఆ రబ్బరు తుడుపుతో శీతాకాలమంతా మొగుడి తరఫు వాళ్ళ వెంట పడ్డాం. మొగుడు పుట్టిన కెంటకీలో ఉన్న కౌంటీలన్నిటికీ ఉత్తరాలు. అత్తగారు దొరికితే పెళ్ళి ఎక్కడ జరిగిందో దొరుకుతుంది, పెళ్ళి దొరికితే పెళ్ళికూతురి పేరు దొరుకుతుంది, ఇదీ మా లెక్క. అత్తగారు దొరకలేదు. ఆ పేరుతో ఆ ఇంటికి అత్తగారే లేదు. ముసలావిడ అప్పుడప్పుడూ పై పట్టుకుని వచ్చి, మా మొహాలు చూసి, ఏమీ అడక్కుండా పెట్టి వెళ్ళిపోయేది.

ఈలోగా నాకు నెలలు నిండొచ్చాయి. మాది క్రైస్తవ కుటుంబం. మా తాతల నాడే మతం మారాం కానీ పురుడు మాత్రం పుట్టింటిదేనన్నది మారలేదు. నేను గుంటూరు వెళ్ళే వీలులేదు కాబట్టి అమ్మే బయల్దేరి వచ్చింది. ఆవిడ మిషన్ స్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. విమానంలో పక్కసీటు దొర వ్యాకరణం కూడా సరిదిద్దాననేది.

వచ్చిన రోజే పెట్టె దగ్గర పేచీ మొదలైంది. మా తమ్ముడు కూడా అదే అపార్ట్‌మెంట్లలో, పార్కింగ్ లాట్‌కి అటువైపు, ఇద్దరు స్నేహితులతో ఉండేవాడు. అమ్మ కారు దిగుతూనే, "పెట్టె తమ్ముడింట్లో పెట్టించు" అంది.

"అక్కడెందుకమ్మా? నువ్వుండేది ఇక్కడేగా?"

"ఉండేది ఇక్కడే. పిల్లనీ బాలింతనీ చూడొద్దా ఏంది? పెట్టె మాత్రం వాడి దగ్గరే ఉండాల. అల్లుడింట్లో పెట్టె పెట్టుకుని కూచుంటే నలుగురూ ఏమనుకుంటారే?"

"ఈ టెక్సాస్‌లో ఆ నలుగురూ ఎవరమ్మా?"

"నేనున్నాగా. నేను అనుకుంటా."

రోజూ పొద్దున్నే అమ్మ స్నానం చేసి, పార్కింగ్ లాట్ దాటి, ఆ బ్రహ్మచారుల కొంపలో, సాక్సుల గుట్టల మధ్య తన పెట్టె తెరిచి, చీర మార్చుకుని తిరిగొచ్చేది. తిండి, నిద్ర, పసిదాని స్నానం, లాలి, అన్నీ మా ఇంట్లో. చిరునామా మాత్రం కొడుకుది. గుంటూరుకు ఉత్తరం రాసినా వెనక వాడి అడ్రసే వేసేది.

తమ్ముడు మొత్తుకునేవాడు. "అక్కా, అమ్మ సూట్‌కేస్ నా క్లోజెట్ మొత్తం ఆక్యుపై చేసింది. నా షర్టులన్నీ ఫ్లోర్ మీదే. ఇంటర్వ్యూకి ఇస్త్రీలేని షర్ట్ వేసుకుని వెళ్ళాను."

మావారికి ఇంకో బాధ. "అత్తయ్యగారూ, మంచులో ఆ అటూ ఇటూ తిరగడం దేనికండీ? పెట్టె ఇక్కడికి తెచ్చేస్తాను" అనేవారు. అమ్మ ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు. పక్కనే ఆయన నిలబడి ఉన్నా నావైపు చూసి, "అల్లుడుగారికి శ్రమెందుకు, వద్దని చెప్పమ్మా" అనేది. ఆయన, "సరేనని చెప్పు" అనేవారు. మధ్యలో నేను పోస్టాఫీసు.

పాప పుట్టింది. కొన్నాళ్ళకు నేను మళ్ళీ పనిలో చేరాను. వసంతం దాటిపోతోంది. కమిటీ ఆఖరి సమావేశం దగ్గరపడింది. మా బాస్ కొప్పులో పెన్సిళ్ళు ఇంకా పెరిగాయి, ఫైల్లో మాత్రం కొత్త ముక్క ఒక్కటీ చేరలేదు.

అప్పుడొచ్చింది ఆ శనివారం. ఫలకం పాతే చోటు గుర్తుపెట్టమని కమిటీ వాళ్ళు మా సర్వేయర్‌ను అడిగారు. రాళ్ళ మీది రాతలు చివరిసారి చూద్దామని నేనూ బయల్దేరాను. మావారికి ఆ రోజు ఆఫీసు. అమ్మా పాపా కూడా నాతో వచ్చారు. సమాధుల పండక్కి తెల్లవారి లేచి రాళ్ళు కడిగి పూలు పెట్టే ఇంటి మనుషులం, స్మశానమంటే మాకు భయం లేదు. అమ్మ పాపను ఒళ్ళో వేసుకుని పీకాన్ చెట్టు నీడన దుప్పటి పరుచుకుని కూచుంది.

సర్వేయర్ దిక్సూచి పట్టుకుని, ఉక్కు టేపు లాగుతూ చాలాసేపు తిరిగాడు. తిరిగినకొద్దీ ఆయన పంటికింద పుల్ల ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకు మారుతోంది. ఆయనకేదో నచ్చలేదన్నమాట.

"హనీ, ఇలా రా" అన్నాడు చివరికి. గడ్డి పక్కకు తొలగించి చూపించాడు. నేలలోకి దిగిపోయిన ఒక పాత గుంజ మొదలు. బోడార్క్ చెట్టు కర్ర, ఆ ప్రాంతంలో హద్దుగుంజలు దానితోనే వేసేవారు. వందేళ్ళయినా చెదపట్టదు. "అందరం ఏమనుకున్నాం? ఏరే హద్దు, ఏటికి ఇటుపక్క పడవవాళ్ళ నేల అని. అవునా? ఏరు దారి మార్చుకుంది. అసలు హద్దు ఇదీ. స్మశానం పడవవాళ్ళ నేలలో లేదు."

"మరి ఎవరి నేలలో ఉంది?"

"పక్కవాడి నేలలో. పాత పటంలో పేరుందిగా, ఆ పెళ్ళికాని కుర్రవాడు. కొన్నాళ్ళుండి, అమ్ముకుని, బంగారం తవ్వుకోవడానికి కాలిఫోర్నియా పోయాడు." ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "నా సర్వీసులో నేల అబద్ధమాడటం ఇదే చూశాను. కానీ ఒకటి అర్థం కాలేదు. సొంత నేల అంతుండగా, కన్నతల్లిని తీసుకెళ్ళి పక్కవాడి నేలలో ఎవరైనా పూడ్చిపెడతారా?"

నాకూ అర్థం కాలేదు. పెద్దావిడ రాయి ముందు నిలబడి 'అమ్మ' అన్న మాటను చూస్తూ ఉండిపోయాను. అప్పుడు చెట్టు కింద నుంచి అమ్మ కేకేసింది.

"అమ్మాయ్, ఇక పోదాం పదవే. పిల్ల ఒళ్ళంతా తడిపేసింది. చీర మార్చుకోవాలంటే మళ్ళీ తమ్ముడింటికి పోవాల. నా పెట్టె అక్కడుందాయె."

ఎండలో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉండిపోయాను. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం పాప పుట్టినప్పటి సంతోషానికి కాస్త మాత్రమే తక్కువ, పాప ఏమనుకున్నా సరే.

కూతురింట్లో మకాం, కొడుకింట్లో పెట్టె!

మా అమ్మ ఎందుకొచ్చింది? కూతురు పురిటికి. పడవమ్మ ఇంట్లో జనాభా లెక్కలనాడు ఎవరున్నారు? పసిబిడ్డ. ఆ పెద్దావిడ అక్కడున్నది కోడలి దగ్గర కాదు, కన్నకూతురి దగ్గర. పోయాక మాత్రం కొడుకు నేలలోకి వెళ్ళింది. ఆ పక్కనేల కుర్రవాడు ఆవిడ కొడుకు, పడవమ్మ అన్నో తమ్ముడో. వాడి ఇంటిపేరే పడవమ్మ పుట్టింటి పేరు. పెద్దావిడ కొడుకు దగ్గరే ఉంటుందన్న నా నమ్మకంలో తప్పేమీ లేదు. ఆ కొడుకెవరో పట్టుకోవడంలోనే తప్పు జరిగింది!

"ఆయన తల్లి కాదు!" అని తెలుగులో అరిచాను. సర్వేయర్ పుల్ల మింగబోయి ఆగాడు. మళ్ళీ ఇంగ్లీషులో అరిచాను. పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

"ఏందే ఆ కేకలు, స్మశానంలో?" అంది అమ్మ.

"నీ పెట్టెమ్మా, నీ పెట్టె!"

"నా పెట్టెకేమైంది? తాళం వేసే వచ్చా."

తడిబట్టలతోనే పాపను కార్‌లో పడేసుకుని నేరుగా లైబ్రరీకి వెళ్ళాం. మైక్రోఫిల్మ్ తిప్పాను. అదే పేజీ, శీతాకాలమంతా కళ్ళు కాయలు కాసేలా చూసిన పేజీ. పడవమ్మ ఇంటి తరవాతి ఇల్లే ఆ కుర్రవాడిది. పుట్టింది టెనెస్సీ. పడవమ్మ పుట్టింది టెనెస్సీ. మొగుడేమో కెంటకీ. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆ సామెతను మా బాస్‌కు ఇంగ్లీషులో చెప్తే, నా చంకలో నిజంగానే ఉన్న బిడ్డను చూసి ఆవిడ పడీ పడీ నవ్వింది. కొప్పులోంచి పెన్సిల్ ఒకటి జారిపడింది.

నవ్వాగాక, "బాగుంది. కానీ ఇది ఊహ" అంది. "కమిటీకి ఊహ పనికిరాదు. టెనెస్సీలో ఆ ఇంటిపేరు ఎక్కడెక్కడుందో చూడు."

ఉత్తరాలకు టైము లేదు. దూరపు ఫోన్లంటే మా బాస్‌కు సిరా కలాలంత అసహ్యం. అలాంటిది, సోమవారం పొద్దున తనే ఫోన్ తెచ్చి నా బల్లమీద పెట్టింది. ఒక కోర్టులో లేదన్నారు. ఇంకోచోట ఎవరూ ఎత్తలేదు. ఆ తరవాతి కోర్టులో ఎత్తినావిడ ప్రతి మాటనీ బెల్లంపాకంలా సాగదీసి మాట్లాడింది. "ఉండమ్మా, చూసొస్తాను" అని వెళ్ళి, ఎంతకీ రాలేదు. మా బాస్ గడియారాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. సర్వేయర్ కొత్త పుల్ల తీశాడు.

ఆవిడ తిరిగొచ్చి, నిమ్మళంగా చదివింది. ఆ ఇంటిపేరుగల ఒక రైతు చిన్నవయసులో పోతే, పిల్లలకు సంరక్షకులను పెట్టిన కాగితం. విధవరాలి పేరు, మా రాయి మీది పేరే. కొడుకు పేరు, పక్కనేల కుర్రవాడి పేరే. కూతురు...

"కూతురు?" అన్నాను.

పడవమ్మ పేరు చదివింది.

నేనేం చేశానో నాకు గుర్తులేదు. లైబ్రరీలో అంత గట్టిగా అరిచిన మనిషి అంతకుముందు లేదని, పైఅంతస్తు వాళ్ళు కిందికి పరుగెత్తుకొచ్చారని మా బాస్ తరవాత అందరికీ చెప్పుకుంది. 'ష్' అనాల్సిన మనిషి తనే చప్పట్లు కొట్టిందని మాత్రం చెప్పేది కాదు. అది నేను చెప్తున్నాను.

ఆ కాగితం నకలు పోస్టులో రావడం, కమిటీ సమావేశం, రెండూ ఒకే వారంలో జరిగాయి. పెద్ద టోపీ ఆయన నేను చెప్పిందంతా విని, టోపీ బల్లమీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అంటే మేడమ్, మీ అమ్మగారి సూట్‌కేసు మా టెక్సాస్ చరిత్రకు సాక్ష్యమంటారా?"

గదిలో నవ్వులు. జవాబు నేను చెప్పేలోపే మా బాస్ లేచి నిలబడింది. ఆవిడ లేచి నిలబడితే గది చిన్నదయ్యేది.

"సూట్‌కేసు సాక్ష్యం కాదు. ఎటు చూడాలో చెప్పింది, అంతే. మనం ఇన్నేళ్ళుగా ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగి అటు చూడలేదు. సాక్ష్యం ఇదిగో." నకలును ఆయన టోపీ మీదే పెట్టింది. సర్వేయర్ తను గీసిన పటం దాని పక్కన పరిచాడు.

ఆయన చదివాడు. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చదివాడు. మొండిమనిషే కానీ మాటమీద నిలబడే మనిషి. "రుజువు తెమ్మన్నాను, తెచ్చారు" అన్నాడు. "పుట్టింటి పేరు వేస్తాం."

వెనక వరసలోంచి ముసలావిడ చెయ్యెత్తింది. "భార్య అన్న మాట తీసేస్తే ఆ లైన్ ఖాళీ అవుతుందిగా?"

"అవుతుందండీ."

"అక్కడ వాళ్ళమ్మ పేరు వేయండి. ఫలానా అమ్మ కూతురు, అని. కూతురి పురిటికి అడవిలోకి బండికట్టుకు వచ్చిన మనిషి. ఆవిడను ఇన్నేళ్ళూ మనం వేరే ఎవరి అమ్మో చేసి కూచోబెట్టాం."

"మరి మొగుడు?"

"పడవ కట్టాడుగా. కింద చిన్న అక్షరాల్లో వేయండి, పాపం."

ఈసారి నవ్వింది నేను. తీర్మానం చేతులెత్తి ఆమోదించారు, పెద్ద టోపీతో సహా.

ఫలకం తెరిచిన రోజు ఎండ మాడిపోతోంది. అయినా ఊరు ఊరంతా వచ్చింది. హైస్కూలు బ్యాండు వాయించింది. అధ్యక్షుడు గుడ్డ లాగాడు. ముసలావిడ కర్ర పక్కన పడేసి, ముందుకెళ్ళి, కంచు కాలుతున్నా లెక్కచేయకుండా ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. ముత్తవ్వ పేరు, పుట్టింటి పేరు, ఆమె తల్లి పేరు. చదివి, "ఇదిగో, దొరికావు" అంది. నా చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. ఆ పట్టు ఇప్పటికీ నా వేళ్ళకు గుర్తుంది. నా మొత్తం ఉద్యోగానికి అదే జీతమనుకున్నా నాకు నష్టం లేదు.

అమ్మ కూడా పాపనెత్తుకుని ఫలకం ముందు నిలబడింది. టీచరు కదా, పైనుంచి కిందిదాకా తప్పులున్నాయేమోనని ఒకసారి చదివింది. తల్లి పేరున్న గీత దగ్గర ఆగింది.

"ఈవిడేనా? కూతురింట్లో ఉండి, కొడుకు నేలలో పడుకున్నావిడ?"

"ఆవిడే."

"ఎన్నాళ్ళుందో పాపం అక్కడ" అంది.

పార్కింగ్ లాట్‌లో కారు దిగాం, ఆఫీసు నుంచి నేరుగా ఫలకం దగ్గరికి వచ్చిన మావారితో సహా. అమ్మ అలవాటు ప్రకారం తమ్ముడింటివైపు రెండడుగులు వేసి ఆగింది. ఆవిడ ఊరికి తిరిగి వెళ్ళడానికి ఇక కొన్ని వారాలే ఉన్నాయి.

"ఎండ మండిపోతోంది. నేనిక తిరగలేను" అంది నావైపు చూసి. "ఆ పెట్టె ఇటే తెచ్చెయ్యమనవే."

నేను మావారికి చెప్పేలోపే ఆయన బయల్దేరారు. తమ్ముడు ఎగిరి గంతేసి తలుపు తీసి పట్టుకున్నాడు. ఎండలో, ఆఫీసు బట్టల్లో, తెల్లటి తాళ్ళు కట్టిన ఆ పాత పెట్టెను భుజానికెత్తుకుని మావారు పార్కింగ్ లాట్ దాటుతున్నారు. అమ్మ గడప దగ్గర నిలబడి చూస్తోంది. ఆయన మెట్టు దగ్గరికి రాగానే, నావైపు తిరక్కుండా, మొదటిసారి నేరుగా ఆయనతోనే అంది.

"మెల్లగా బాబూ, బరువుంటుంది. లోపల పెట్టు."